తువాలు కింద చెయ్యి

మాస్కు ముక్కు మీద ఆనించి, పట్టీలు తల వెనక్కి లాగి బిగించింది ఆ అమ్మాయి. గుప్పున రబ్బరు వాసన కొట్టింది. "మావయ్య గారు!" అన్నాను, నాకు తెలియకుండానే.

నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు నాకూ ఉందని తేల్చి డాక్టరు ఈ మిషను రాసిచ్చాడు. దాన్ని అమర్చడానికి కంపెనీ నుంచి వచ్చిన అమ్మాయి అది. ఎవరో వచ్చారనుకుని గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో మా ఆవిడ ఉంది. తనకు మాత్రం అర్థమైంది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ వాసన వాళ్ళ నాన్నగారిది.

"మొదట్లో చిరాగ్గా ఉంటుంది అంకుల్. చాలామంది నాలుగు రోజులు వాడి అటకెక్కించేస్తారు" అంది ఆ అమ్మాయి.

"అటకెక్కించడం మా ఇంటా వంటా లేదమ్మా" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ పట్టుదల మా ఇంటిది కాదు, మా అత్తవారింటిది. పెళ్ళితో పాటు ఏదో కాస్త నాకూ అంటింది.

ఎనభైల చివర్లో నూజివీడులో ఒకే ఒక్క ఇంట్లో ఈ మిషను ఉండేదనీ, అది ట్రంకు పెట్టంత ఉండేదనీ చెబితే ఆ పిల్ల మర్యాదకి తలూపింది. నమ్మలేదు. ఆ ఇంటి యజమాని మా మామగారు. పోయి చాలా ఏళ్ళయింది. మామగారిని పేరుతో పిలిచే ఆచారం మాకు లేదు కాబట్టి పేరుతో రాయనూ లేను. మామిడి కాపు కొనే షావుకారు. నూజివీడులో కొట్టు, చుట్టుపక్కల ఊళ్ళలో తోటల బేరాలు. అంతకు మించి ఆయన చరిత్ర నాకు అక్కర్లేదు. నాకు గుర్తున్నది ఆయన నిద్ర, ఆ నిద్ర మీద ఆయన చేసిన యుద్ధం.

ముందు నిద్ర సంగతి చెప్పాలి. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ "కాబట్టి అల్లుడు గారూ…" అని ఆగేవారు. ఏదో ముఖ్యమైన సంగతే చెప్పబోతున్నారని నేను ముందుకు వంగి కూర్చునేవాణ్ణి. సన్నగా గుర్రు మొదలయ్యేది. కాసేపటికి ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, "అదండీ సంగతి" అని ముగించేవారు. మధ్యలో ఉండాల్సిన సంగతేమిటో ఆ దేవుడికే తెలియాలి. "పడుకున్నారా మావయ్య గారూ?" అని అడిగితే కోపం వచ్చేది.

"కళ్ళు మూసుకుంటే పడుకున్నట్టేనా ఏంటండీ?"

ఈ మాట ఆయన రోజుకెన్నిసార్లు అనేవారో! పేపరు చదువుతూ పడుకునేవారు. గడ్డం గీయించుకుంటూ పడుకునేవారు. మంగలి కత్తి పక్కకు తీసి, గుర్రు ఆగేదాకా ఓపిగ్గా నిలబడేవాడు. మా పెళ్ళిలో కన్యాదానం చేస్తూ కూడా ఓ కునుకు తీశారని మా వైపు వాళ్ళు చాలాకాలం చెప్పుకుని నవ్వారు. పురోహితుడు మంత్రం పెంచి చదివాడట. మనిషి భారీగా ఉంటారు, మెడ పొట్టి, మీసం పెద్దది. తిని కూర్చునే షావుకారు, నిద్ర రాకేం చేస్తుంది అనుకున్నాను నేనూ అందరిలాగే.

కొత్తల్లుడిగా వెళ్ళినప్పుడు ఒక మధ్యాహ్నం అసలు సంగతి చూశాను. భోజనాలయ్యాక ఆయన వసారాలో నవారు మంచం మీద వాలారు. గుర్రు అందుకుంది. దానికి నేను బెదరలేదు. ఉన్నట్టుండి అది ఆగిపోయింది, దానికి బెదిరాను. ఛాతీ ఎగురుతోంది గానీ గాలి ఆడడం లేదు. పక్కనే పీట మీద కూర్చుని బియ్యం ఏరుతున్న మా అత్తగారు, చేటలోంచి చూపు ఎత్తకుండానే, విసనకర్ర కాడతో ఆయన డొక్కలో ఓ పొడుపు పొడిచారు. భళ్ళున ఊపిరి తన్నుకొచ్చింది. మళ్ళీ గుర్రు.

"ఏంటండీ అత్తయ్య గారూ ఇది?" అన్నాను.

"ఏం లేదు బాబూ. ఊపిరి మర్చిపోతుంటారు. నేను గుర్తు చేస్తుంటాను."

మజ్జిగలో ఉప్పు మర్చిపోయారన్నంత మామూలుగా అన్నారు ఆవిడ. రాత్రిళ్ళు కూడా ఇదే ఉద్యోగమని తర్వాత మా ఆవిడ చెప్పింది. ఆవిడ సరిగ్గా నిద్రపోయి ఎన్నేళ్ళయిందో ఎవరూ లెక్క పెట్టలేదు. ఆవిడ అడగలేదు, ఆయనకు తెలియదు. నిద్రలో ఉన్న మనిషికి తన గుర్రు ఎలా తెలుస్తుంది?

ఇక చెయ్యి సంగతి. మా వైపు మామిడి బేరం నోటితో చెయ్యరు. తోట రైతూ షావుకారూ ఎదురెదురుగా కూర్చుని, కుడి చేతులు కలిపి, పైన తువాలు కప్పుతారు. లోపల వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఇన్ని వేళ్ళు పడితే ఇంత. చుట్టూ పది మంది దళారులు నిలబడి చూసినా తువాలు కదలడమే కనిపిస్తుంది, ధర కనిపించదు. చివరికి అవతలివాడి చేతిని మొత్తం గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా నొక్కితే, నువ్వు అడిగింది ఇచ్చాను, బేరం ఖాయమని అర్థం. ఆ నొక్కుడికి తిరుగు లేదు. కాగితం లేదు, సాక్షి లేడు. మా మామగారి చేతికి ముసునూరు నుంచి రెడ్డిగూడెం దాకా పేరుండేది. "ఆయన చెయ్యి ఇచ్చారంటే కాయ కోసినట్టే" అనేవారు.

రెడ్డిగూడెంలో కోటయ్య గారని ఒక రైతు ఉండేవారు. మంచి బంగినపల్లి తోట. ఏటా ఆ కాపు మా మామగారిదే. ఆ ఏడు పిందె పడ్డాక బేరానికి వెళుతూ, "తోట చూద్దురుగాని రండి అల్లుడు గారూ" అని నన్ను కూడా తీసుకెళ్ళారు. చెట్టు నీడన మంచాలు వేశారు. తువాలు పడింది. కోటయ్య గారు మొదటి మాటగా ఆకాశమంత అడిగి ఉంటారు. మొదట అంతే అడుగుతారు, తగ్గించడానికే. మామగారు కళ్ళు మూసుకున్నారు. లెక్క చూసుకునేటప్పుడు ఆయన అలాగే మూసుకునేవారు గనక ఎవరూ పట్టించుకోలేదు. సన్నగా గుర్రు వచ్చింది. దళారులు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. గుర్రు ఆగింది. ఇక్కడ విసనకర్ర పట్టుకుని అత్తగారు లేరు. నేను లేచి తట్టబోయేలోపే ఊపిరి తన్నుకొచ్చి ఒళ్ళంతా ఎగిరిపడింది. దాంతో పాటే తువాలు కింద గుప్పిట బిగిసింది.

కోటయ్య గారి ముఖం వెలిగిపోయింది. "అంతేనా షావుకారు గారూ? ఖాయమేనా?"

మామగారు కళ్ళు తెరిచి, తువాలు వైపు చూశారు. తన చెయ్యి ఏం చెప్పిందో తన చేతినే అడిగి తెలుసుకున్నారు. ముఖంలో రంగు మారింది గానీ గుప్పిట వదల్లేదు.

"ఖాయమేనండీ" అన్నారు.

తిరిగొస్తూ దారిలో ఉండబట్టలేక, "మావయ్య గారూ, మీరు పడుకున్నారు కదండీ!" అన్నాను. ఎప్పటి కోపం రాలేదు. "పడుకున్నా ఆ చెయ్యి నాదే కదండీ అల్లుడు గారూ" అన్నారు. ఆ ఒక్కరోజే ఆయన పడుకున్నానని ఒప్పుకున్నారు.

ఇలాంటివి దాగవు. సంతలో పాకిపోయింది. నాలుగు రోజులకి కోటయ్య గారే కొట్టుకి వచ్చారు. తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"షావుకారు గారూ, నాకు ఆ పూట తెలవలేదండీ. నిద్రలో ఉన్న మనిషి చెయ్యి పట్టుకుని బాగుపడే రకం కాదు నేను. బేరం మళ్ళీ చేసుకుందాం."

"వద్దండీ" అన్నారు మామగారు. "ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకుంటే, రేపు మేలుకుని ఇచ్చిన చెయ్యి కూడా ఎవరూ నమ్మరు."

కోటయ్య గారు చాలాసేపు బతిమాలారు. ఈయన వినలేదు. చివరికి ఆయన లేచి, "అయితే ఒక మాట అనుకోకండి. మీకు నయమయ్యే వరకూ నేను మీతో తువాలు వెయ్యను. ధర నోటితోనే చెప్తాను" అని వెళ్ళిపోయారు. మంచికే అన్నారు పాపం. కానీ ఆ మాట మిగతా రైతులకీ పాకింది. అందరూ మా మామగారికి ధర నోటితో చెప్పడం మొదలుపెట్టారు. చిన్నపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా, గట్టిగా, రెండుసార్లు చెప్పేవారు. నోటితో చెప్పిన ధర పక్కవాడి చెవిన పడుతుంది, వాడు ఒక మెట్టు ఎక్కించి కాపు ఎగరేసుకుపోతాడు. అలా రెండు తోటలు పోయాయి. తోటలు పోయినందుకు ఆయన ఏమీ అనలేదు. ఒకరోజు కొట్టులో కుడి అరచెయ్యి తెరిచి చూసుకుంటూ, "నా చెయ్యి చచ్చిపోయిందండీ అల్లుడు గారూ" అన్నారు. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది.

మర్నాడే మద్రాసు బయల్దేరారు. అక్కడ ఒక పెద్దాసుపత్రిలో, విదేశంలో చదివొచ్చిన డాక్టరు ఈ జబ్బు చూస్తున్నాడని ఎవరో చెప్పారు. మామగారికి తలనిండా వైర్లు అంటించి పడుకోబెట్టి చూశారు. నిద్రలో గొంతు మూసుకుపోతోంది, ఊపిరి ఆగిన ప్రతిసారీ మెదడు ఉలిక్కిపడి లేపుతోంది, రాత్రంతా నిద్రే లేదు కాబట్టి పగలు ముంచుకొస్తోంది అని డాక్టరు వివరించాడు. గాలిని ముక్కులోకి తోసి గొంతు తెరిచి ఉంచే మిషను ఒకటుంది, బతికినన్నాళ్ళూ పెట్టుకునే పడుకోవాలి అన్నాడు. గుండె గురించీ, రక్తపోటు గురించీ కూడా చాలా చెప్పాడు. మామగారు ఒకటే ప్రశ్న వేశారు.

"దీంతో పగలు మెలకువగా ఉంటానా డాక్టర్ గారూ?"

"ఉంటారు. కానీ అలవాటు కావడం కష్టం. చాలామంది వదిలేస్తున్నారు."

"అది నాకొదిలెయ్యండి. మీరు కట్టండి."

మిషను ఇంటికి రాగానే అత్తగారు దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. స్విచ్చి వెయ్యగానే పిండిమరలా మోత. ముక్కు మీద రబ్బరు మాస్కు, దాన్నుంచి లావుపాటి గొట్టం, తల చుట్టూ పట్టీలు. అద్దంలో చూసుకుని, "పెళ్ళికి బాసికం కట్టించుకున్న నుదురే ఇది. దీనికి ఇదొక లెక్కా?" అన్నారు. అన్నంత తేలిక కాలేదు. కళ్ళు మూతలు పడే సమయానికి ఊపిరాడనట్టయి మాస్కు పీకి పారేసేవారు. నోరెండిపోయేది, కడుపు గాలితో ఉబ్బిపోయేది. పొద్దున్నే ముఖం మీద పట్టీల వాతలు. పారేసిన మాస్కుని ఆయనే లేచి వెతుక్కుని, తుడిచి, మళ్ళీ కట్టుకునేవారు. ఆయన విసుక్కోగా నేను చూడలేదు. "అలవాటంటే ఏంటండీ? అవతలిదానికి సిగ్గొచ్చేదాకా చెయ్యడమే" అనేవారు.

షావుకారుకి ఆక్సిజన్ పెట్టారని ఊరంతా పుకారు. బత్తాయిలు పట్టుకుని పరామర్శకి వచ్చేవాళ్ళు, తలుపు దగ్గరే గొంతు తగ్గించి "స్పృహ ఉందాండీ?" అని అడిగేవాళ్ళు. ఆయనే ఎదురొచ్చి కాఫీ ఇప్పించి పంపేవారు.

మెలకువగా ఉన్నప్పుడు కూడా కాసేపు పెట్టుకుంటే త్వరగా అలవాటవుతుందని డాక్టరు చెప్పాడు. ఇంకొకరైతే ఆ పని గదిలో తలుపులేసుకుని చేసేవారు. ఈయన మిషనుని రిక్షాలో కొట్టుకి తెప్పించుకుని, గద్దె మీద కూర్చుని, సంతంతా చూస్తుండగా మాస్కు కట్టుకునేవారు. ఏదైనా అడిగితే చేత్తో జవాబు. మొదటిరోజు హమాలీలు బుట్టలు దించి మరీ చూశారు. కాయలు ఏరే మంగమ్మ నోరున్న మనిషి.

"షావుకారు గారికి తొండం వచ్చిందర్రా! వినాయకుడే మన కొట్లో కూర్చుంటే ఇంక మనకు విఘ్నాలేముంటాయి?" అంది.

కొట్టంతా ఘొల్లుమంది. ఆయన మాస్కు పక్కకు లాగి, "నవ్విన నాపచేనే పండుద్దే మంగమ్మా" అని మళ్ళీ పెట్టేసుకున్నారు.

తర్వాత మీసం గండం వచ్చింది. మాస్కు అంచు మీసం మీద కుదరక, సందులోంచి గాలి ఈలలు వేసేది. మద్రాసుకి ట్రంకాల్ చేస్తే, మీసం తీసెయ్యండి అన్నారు. ఆయన మీసానికి ఆ రోజుల్లో ప్రత్యేకంగా ఒక దువ్వెన ఉండేది. ఫోను పెట్టేసి, కాసేపు ఆ మీసాన్ని రెండువైపులా నిమురుకుని, మంగలికి కబురు చేశారు. ఆ గీయడం పూర్తయ్యేదాకా ఆయన కళ్ళు తెరుచుకునే ఉన్నారు. మా వాళ్ళలో తల్లో తండ్రో పోతే తప్ప మీసం తియ్యరు. ఆయన తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు. అయినా మర్నాడు కొట్టుకి వచ్చిన ప్రతివాడూ చెప్పులు బయట విడిచి, దిగాలుగా ముఖం పెట్టి, "ఎవరు పోయారండీ?" అని అడగడమే.

"గుర్రు పోయిందండీ" అనేవారు ఈయన, అంతకన్నా దిగాలుగా.

నేను కరెంటాఫీసులో గుమాస్తాని. కరెంటు కోతల పాపం కొంత నేను మోశాను. కరెంటు పోతే మిషను ఆగుతుంది, ఆయన ఉక్కిరిబిక్కిరై లేస్తారు. పొద్దున్నే వాతల ముఖంతో నా ముందు కూర్చుని, "మీ ఆఫీసు వాళ్ళు రాత్రి మళ్ళీ నా ముక్కు పట్టుకున్నారండీ" అనేవారు. ఓల్టేజీ నిలవదు గనక స్టెబిలైజరు పెట్టించాను. అంతకు మించి నా చేతిలో ఏముంది? "కొన్నాళ్ళు ఆపి చూద్దామాండీ, వేసవిలో మరీ కష్టం" అని ఒకసారి అన్నాను. "గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అంటే ఎలాగండీ? పోయిన కరెంటు రాకపోదు. వచ్చినప్పుడు కట్టుకుంటా" అన్నారు.

ఎప్పుడు నయమైందో చెప్పలేను. నాకు తెలిసిన పూట మాత్రం గుర్తుంది. మధ్యాహ్నం భోజనం చేసి వసారాలో కూర్చున్నాం. "కాబట్టి అల్లుడు గారూ…" అన్నారు. అలవాటు కొద్దీ నేను గుర్రు కోసం ఎదురుచూస్తున్నాను.

"…మీ అత్తయ్యని కూడా పడుకోనివ్వాలండీ" అని పూర్తి చేశారు.

ఆ వాక్యం చివరిదాకా నేను వినడం అదే మొదలు. అత్తగారి వైపు చూశాను. ఆయన రాత్రిళ్ళు మిషనుతో హాయిగా పడుకుంటున్నా ఆవిడకి నమ్మకం కుదరలేదు. విసనకర్ర పట్టుకుని పక్కనే కూర్చునేవారట. గుర్రు లేదు కాబట్టి మరింత భయం. ఇప్పుడు పీట మీద గోడకి జేరబడి, చేట ఒళ్ళో ఉండగానే నిద్రపోతున్నారు. నోరు కాస్త తెరుచుకుంది. విసనకర్ర ఎప్పుడు జారిందో, నేల మీద ఉంది. మామగారు లేచి చేట నెమ్మదిగా తీసి పక్కన పెట్టారు. విసనకర్ర తీసుకుని ఆవిడకి విసురుతూ కూర్చున్నారు. వీధిలో ముంజెలమ్మేవాడు అరిస్తే చెయ్యెత్తి ఆగమన్నారు. ఆవిడ దీపాలవేళ దాకా లేవలేదు. ఆ ఇంట్లో నేను చూసిన అన్ని పండగల్లోకీ అదే పెద్ద పండగ.

కానీ చెయ్యి ఇంకా రాలేదు. నయమైందని ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. నోటితో చెబితే అది ఖాయం కాదు కదా. మళ్ళీ పిందె పడ్డాక, "పదండి అల్లుడు గారూ" అన్నారు. రెడ్డిగూడెం వెళ్ళాం.

కోటయ్య గారు మా ముఖాల్ని, ముఖ్యంగా మీసం లేని ఆ ముఖాన్ని, చాలాసేపు చూశారు. బేరం ఎత్తలేదు. "ముందు భోజనం చెయ్యండి" అన్నారు. నాకు విషయం అర్థమైపోయింది. ఆ భోజనం ఒక పరీక్ష. ముద్దపప్పు, గిన్నెడు నెయ్యి, ఆవకాయ, గుత్తొంకాయ, గడ్డపెరుగు. వడ్డించిన వాళ్ళకి ఎవరో ముందే చెప్పి పెట్టారు, చాలు అంటే వినరు. మామగారు చాలు అననే లేదు. ప్రతి ముద్దా పట్టుదలగా తిన్నారు. నాకే కళ్ళు వాలిపోతున్నాయి. తర్వాత చెట్టు నీడన మంచాలు, వేడిగాలి, ఆకుల సవ్వడి. దళారులు చుట్టూ చేరారు. కోటయ్య గారు వర్షాల గురించి, పురుగు గురించి నెమ్మదిగా చెబుతూనే ఉన్నారు. ఎదుటి మనిషి కునికితే పరువు పోకుండా లేచి వెళ్ళిపోవడానికి ఆయన వీలు వదిలారని నాకిప్పుడు అనిపిస్తుంది.

మామగారు కునకలేదు. అప్పుడు కోటయ్య గారు మాట ఆపి, భుజం మీది తువాలు తీసి, దులిపి, చెయ్యి చాపారు. మామగారు చెయ్యిచ్చారు. తువాలు పడింది.

లోపల కోటయ్య గారు ఏదో అడిగినట్టున్నారు. మామగారు కళ్ళు మూసుకున్నారు.

అందరం బిగుసుకుపోయాం. ఆయన తల కాస్త ముందుకు వాలింది. నేను మంచం మీంచి సగం లేచాను. కోటయ్య గారి ముఖం పాలిపోయింది. "షావుకారు గారూ?" అన్నారు, గొంతు తగ్గించి. ఆయన తన చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకోబోయారు. రాలేదు. తువాలు లోపల ఏదో జరిగింది. కోటయ్య గారు తేలు కుట్టినట్టు ఎగిరిపడ్డారు.

"అమ్మో అమ్మో! ఇంత అన్యాయమా! ఇంత తక్కువా!" అని అరిచి, వెంటనే ఫక్కున నవ్వారు. "మనిషి నిఖార్సుగా మేలుకునే ఉన్నాడర్రోయ్!"

"కళ్ళు మూసుకుంటే పడుకున్నట్టేనా ఏంటండీ?" అన్నారు మామగారు, కళ్ళు తెరవకుండానే.

తర్వాత బేరం చాలాసేపు సాగింది. ఇద్దరికీ చెమటలు పట్టాయి. ఒకసారి తువాలు అంచు జారితే కోటయ్య గారే ఎడమచేత్తో లాగి, ఎవరికీ కనిపించకుండా జాగ్రత్తగా కప్పారు. అది చూశాక మామగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరికి తువాలు కింద ఒక గట్టి నొక్కుడు. తోట ఖాయమైంది.

ధర ఎంతో నన్నడక్కండి. దళారులకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఇంటికొచ్చాక మా అత్తగారు అడిగినా ఆయన చెప్పలేదు.